గోడ మీద బొమ్మ, మనిషి అసలు రంగు



ఒకప్పుడు ప్రొజెక్టరంటే సినిమాహాలు వెనక గదిలో ఉండే పెద్ద యంత్రం. దాన్ని ఆపరేటరు తప్ప వేరెవరూ ముట్టుకునేవారు కాదు. ఇప్పుడది చెప్పుల పెట్టెంత అయిపోయి మా కారంపూడి ఇళ్లలోకి కూడా వచ్చేసింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకో, అల్లుడో పండగకు వస్తూ ఒకటి తెచ్చి పెడుతున్నారు. పెళ్లి వీడియో, క్రికెట్టు, పాత సినిమా, ఇంటి కూడికలో పాటల అక్షరాలు, అన్నీ గోడ మీదే చూస్తున్నారు. చాపలు పరుచుకుని ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవడం చూస్తే సంతోషమే. చేతిలో ఫోను పట్టుకుని తలొక మూల కూర్చునే దానికంటే ఇది ఎంతో మేలు.

అయితే సంఘంలోని ఇళ్లు దర్శించేటప్పుడు మేము ఒక సంగతి గమనిస్తున్నాము. పెట్టెలోంచి తీసిన రోజున బొమ్మ ఎలా వచ్చిందో నేటికీ అలాగే ఉంటుంది. ముఖాలు సున్నం కొట్టినట్టుంటాయి. మనుషులు పొట్టిగా, లావుగా కనబడతారు. బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు. అడిగితే, "చిన్న మిషను కదండీ, అంతే వస్తుంది" అంటారు. అరగంట ఓపిక పడితే అదే మిషను ఎంతో చక్కటి బొమ్మ చూపిస్తుంది. ఆ అరగంటలో ఏం చేయాలో, ఎందుకు చేయాలో ఈ నెల నాలుగు మాటలు చెప్పుకుందాము.

వెలుగుతో తెర మీద బొమ్మ ఆడించడం మన తెలుగువారికి కొత్త కాదు. తోలుబొమ్మలాట వారు తెల్ల పంచె కట్టి, వెనక నూనె దీపాలు పెట్టి రాత్రంతా కథ నడిపేవారు. మన బొమ్మల తోలును పలుచగా చేసి రంగులు అద్దుతారు కాబట్టి వెలుగు దానిలోంచి దూరి, తెర మీద నీడకు బదులు రంగు పడేది. తరువాత 1910లో మచిలీపట్నం వారైన రఘుపతి వెంకయ్య నాయుడు గారు క్రోనోమెగాఫోన్ అనే విదేశీ యంత్రాన్ని తెప్పించి ఊళ్లు తిరిగి బొమ్మలు చూపించారు. తెలుగు సినిమాకు ఆయనను తండ్రిగా చెప్పుకుంటున్నాము.

మా చిన్నతనంలో, అంటే 1980ల చివరి సంవత్సరాలలో, పల్లెటూళ్లకు 16 ఎం.ఎం. ప్రొజెక్టరు వచ్చేది. 1978లో ఎ. భీంసింగ్ గారి దర్శకత్వంలో, విజయచందర్ గారు నటించిన 'కరుణామయుడు' సినిమాను ఊరూరా అలాగే చూపించారు. రెండు వెదురు గడల మధ్య దుప్పటి కట్టేవారు. ముందు చోటు చాలక సగం జనం దుప్పటి వెనక కూర్చునేవారు. వారికి బొమ్మ తిరగబడి కుడి ఎడమగా కనబడేది, అయినా ఎవరూ లేచిపోయేవారు కాదు. అప్పట్లో మాకు ఆశ్చర్యంగా ఉండేది ఆపరేటరు పద్ధతి. ఆయన మిషను వైపు కన్నా దుప్పటి వైపే ఎక్కువ చూసేవాడు. దుప్పటి బిగువుగా ఉందా, బొమ్మ అంచులు దుప్పటి అంచులతో సరిపోయాయా, అక్షరాలు అలుక్కుపోతున్నాయా అని చూసి, లెన్సును వేళ్లతో వెంట్రుకవాసి తిప్పేవాడు. ఇప్పుడు మన చేతిలో రిమోటు ఉంది గానీ పని మాత్రం అదే.

మొదటి పని, మిషనును సరైన చోట పెట్టడం. గోడకు ఎదురుగా, నిటారుగా ఉండాలి. స్టూలు చాలక కింద పెట్టి ముందు భాగాన్ని పైకెత్తితే బొమ్మ పైన విశాలంగా, కింద సన్నగా వస్తుంది. దీన్ని సరిచేయడానికి కీస్టోన్ అనే మీట ఉంటుంది. అది నొక్కగానే బొమ్మ చక్కటి పలకలా అవుతుంది. కాని ఆ మీట చేసే పనేమిటంటే, బొమ్మలోని చుక్కలను కొన్ని నొక్కేసి, కొన్ని వదిలేసి ఆకారం సరిచేయడం. ఎంత ఎక్కువ వాడితే బొమ్మ అంత మొద్దుబారుతుంది. కాబట్టి ముందు బల్లనో, బియ్యం డబ్బానో వేసి ఎత్తు సరిచేయండి. ఇంకా కొంచెం వంకర మిగిలితే అప్పుడు కీస్టోన్ వాడండి.

రెండవది, బొమ్మ ఎంత పెద్దదిగా ఉండాలన్నది. గోడంతా నిండాలని అందరికీ ఆశ. ఒక లెక్క చూడండి. నాలుగు అడుగుల వెడల్పు బొమ్మను ఎనిమిది అడుగులు చేస్తే వెడల్పు రెట్టింపు, ఎత్తు రెట్టింపు. అదే వెలుగు నాలుగు రెట్ల గోడ మీద పరుచుకోవాలి. అంటే ఒక్కొక్క చోట పడే వెలుగు నాలుగో వంతే. ఒక్క గరిటె పప్పును నాలుగు పళ్లాల్లో వడ్డించినట్టు. చిన్న మిషనుకు చిన్న బొమ్మే అందం. కొనేటప్పుడు కూడా పెట్టె మీద ల్యూమెన్లు అని పెద్ద అంకె చూసి మురిసిపోకండి. ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు ఎన్ని అని అడగండి. అది ఒక పద్ధతి ప్రకారం కొలిచిన లెక్క.

మూడవది గోడ. మన వైపు సున్నానికి కొదవ లేదు, పక్కనే పిడుగురాళ్ల ఉంది. కాని వెల్ల వేసేటప్పుడు తెల్లగా మెరవాలని మనవాళ్లు సున్నంలో కాస్త నీలిమందు కలుపుతారు. పగటి వెలుగులో ఆ గోడ తెల్లగానే ఉంటుంది. ప్రొజెక్టరు వెలుగు పడితే మాత్రం ఆ నీలం బయటపడి ముఖాలన్నీ చలికి వణుకుతున్నట్టు కనబడతాయి. లేత పచ్చ రంగు వేసిన గోడ అయితే కామెర్లు వచ్చినట్టు ఉంటాయి. నీలిమందు పెట్టని తెల్ల దుప్పటి మడతలు లేకుండా బిగించి కట్టండి. వెనక ఒక నల్ల గుడ్డ కడితే వెలుగు అవతలికి దూరిపోదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పాలి. ప్రొజెక్టరు నలుపు రంగు వేయలేదు. అది వేయగలిగినది వెలుగు మాత్రమే. తెర మీద మనకు నలుపుగా కనబడేది వెలుగు పడని చోటు. కిటికీలోంచి వీధి దీపం పడుతుంటే ఆ నల్లటి చోట్లన్నీ బూడిద రంగు అయిపోతాయి. అప్పుడు ఏ మీట నొక్కినా లాభం లేదు. కాబట్టి రిమోటు పట్టుకునే ముందు కిటికీకి దుప్పటి కట్టండి, వంటింటి లైటు తీసేయండి. ఖర్చు లేకుండా బొమ్మ సగం బాగుపడుతుంది.

ఇప్పుడు మీటల సంగతి. ముందు మిషనును పావుగంట నడవనివ్వండి. లెన్సు వేడెక్కేకొద్దీ ఫోకస్ కొంచెం జరుగుతుంది, అందుచేత చల్లగా ఉన్నప్పుడు సరిచేసింది తరువాత చెడుతుంది. ఫోకస్‌కు ముఖాలను చూసుకోవద్దు, తెలుగు అక్షరాలు పెట్టుకోండి. మన లిపిలో ఒత్తులు, సున్నలు, తలకట్లు ఉన్నాయి. 'క్ష'లో ఒత్తు విడిగా, స్పష్టంగా కనబడితే ఫోకస్ కుదిరినట్టే. షార్ప్‌నెస్ అనే మీట వేరు. అది ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్ల గీత పుడుతుంది. ఆ గీత మాయమయ్యే దాకా తగ్గించండి.

బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అనే రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. బ్రైట్‌నెస్ నలుపును చూసుకుంటుంది. కాంట్రాస్ట్ తెలుపును చూసుకుంటుంది. ఎవరైనా తెల్ల చొక్కా తొడుక్కున్న ఫొటో ఒకటి తెర మీద పెట్టండి. మొదట జుట్టు వైపు చూస్తూ బ్రైట్‌నెస్ తగ్గించండి. జుట్టంతా ఒక నల్ల ముద్ద అయ్యాక, మళ్లీ కొంచెం కొంచెం పెంచండి. వెంట్రుకల పాయలు తెలియగానే ఆగండి. తరువాత చొక్కా వైపు చూస్తూ కాంట్రాస్ట్ పెంచండి. మడతలు, బొత్తాలు పోయి చొక్కా ఉత్త తెల్ల కాగితంలా అయ్యాక, అవి తిరిగి కనబడేవరకు తగ్గించండి. ఒకటి కదిపితే రెండోది కొంచెం కదులుతుంది కాబట్టి ఇంకొకసారి రెండూ చూసుకోండి.

మిగిలింది రంగు. ఇందులోనే ఎక్కువ మోసం ఉంది. దుకాణంలో పది మిషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఏది ఎక్కువ మెరిస్తే కొనేవాడి చెయ్యి దాని మీదికే పోతుంది. అందుకని చాలా కంపెనీలు వివిడ్ అనో, డైనమిక్ అనో పేరు పెట్టి నీలం, పచ్చ ఎక్కువ చేసి పంపిస్తాయి. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900, పాత బల్బుది 2,700, మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5,500. అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. సినిమాలు, వీడియోలు తయారుచేసేవారు ఇంటి తెరకు 6,500 దగ్గర తెలుపును ప్రమాణంగా పెట్టుకుంటారు. మిషనులో కూల్ అంటే దానికంటే నీలం. వార్మ్ అని రాసి ఉన్నదో, సినిమా అని రాసి ఉన్నదో చాలావరకు ఆ ప్రమాణానికి దగ్గరగా ఉంటుంది. అది పెట్టగానే బొమ్మ పసుపు పట్టినట్టు అనిపిస్తుంది. పది నిమిషాలు ఆగండి. కన్ను అలవాటు పడ్డాక, పాత నీలమే తప్పని మీకే తెలుస్తుంది.

ఈ రంగు ఎంత పెద్ద విషయమో మా సంఘంలోని ఒక తల్లి ఇంట్లో చూశాము. ఆమె పెద్ద కుమారుడు చిన్న వయసులోనే ప్రభువునందు నిద్రించాడు. ఏడాది తిరిగిన రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ప్రార్థన ముగిసి భోజనాలయ్యాక, ఆమె అక్క కొడుకు తన ప్రొజెక్టరు తెచ్చి ఫోన్లో ఉన్న వీడియోలు గోడ మీద వేశాడు. చెల్లెలి ప్రధానం రోజున ఆ అబ్బాయి బంతిలో వడ్డిస్తూ, నవ్వుతూ తిరుగుతున్న వీడియో. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. తల్లి మాత్రం కాసేపు తేరిపార చూసి మా వైపు తిరిగింది.

"అయ్యగారూ, ఈ పిల్లోడెవరు? మావోడు ఇంత తెలుపు యాడున్నాడు?"

"తెల్లగా బానే ఉన్నాడు గదా పిన్నీ" అన్నాడు ఆ కుర్రవాడు.

"బాగుంటే నేనేం జేసుకోనురా? నా కొడుకు నల్లోడు. నాకు వాడు గావాల."

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఆ అబ్బాయి మిరపచేలలో ఎండకు నిలబడి పనిచేసినవాడు. మన ఇళ్లలో నలుపు అంటే ఎంత చిన్నచూపో మీకు తెలుసు. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి చామనఛాయ అని చెప్పడానికే నోరు రాదు. ఫొటో స్టూడియోలో ఎవరూ అడగకముందే ముఖం తెల్లగా చేసి ఇస్తారు. ఆ తల్లి మాత్రం తన కొడుకు మీద పూసిన తెలుపును తీసేయమని అడిగింది.

"కాసేపు ఓపిక పట్టమ్మా" అని మేము లేచాము. ఆ ఇంటి గోడ నీలిమందు వెల్ల వేసినదే. ముందు దాని మీద తెల్ల దుప్పటి కట్టించాము. వివిడ్ తీసి సినిమా పెట్టాము, కూల్ తీసి వార్మ్ పెట్టాము. వీడియోను ఒకచోట ఆపి, ఆ అబ్బాయి జుట్టు చూసి బ్రైట్‌నెస్, తెల్ల చొక్కా చూసి కాంట్రాస్ట్ సరిచేశాము. ముఖం రంగుకు కొలబద్ద ఏది అన్నప్పుడు తల్లే దారి చూపింది. చిన్న కొడుకును పిలిచి, "ఈడిదీ ఆడిదీ ఒకటే రంగు" అన్నది. బొమ్మలోని తెల్లటి గోడ పడుతున్న చోట, ఆ వెలుగులో తమ్ముడు చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ చేతినీ, తెర మీద అన్న ముఖాన్నీ మార్చి మార్చి చూస్తూ, కలర్ అనే మీటను ఒక్కొక్క మెట్టు దించాము. నాలుగైదు మెట్లు దిగాక ఆమె చెయ్యెత్తింది. "ఆపండయ్యా. వచ్చాడు" అన్నది.

మిగిలిన వీడియోలలో కొన్నింటిని మాత్రం ఏ మీటా బాగుచేయలేకపోయింది. తీసేటప్పుడే ఫోనులో ముఖాన్ని నున్నగా, తెల్లగా చేసే బ్యూటీ ఫిల్టరు పెట్టి తీశారు. ఆ అబ్బాయి చెంప మీద చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ఉండేవి. వీటిలో ఆ మచ్చలు లేవు. ప్రొజెక్టరు తన దగ్గరికి వచ్చిన బొమ్మనే చూపిస్తుంది. కెమెరా తుడిచేసినదాన్ని అది తిరిగి తేలేదు. తల్లి వాటిని చూడనన్నది. ప్రధానం రోజు వీడియోను మాత్రం రెండోసారి వేయించుకుని, అది అయ్యేదాకా దుప్పటి దగ్గరే కూర్చుంది.

ప్రియ పాఠకులారా, బొమ్మ ఆకారం విషయం కూడా ఇలాంటిదే. పాత సినిమాలు, దూరదర్శన్ రోజుల వీడియోలు నాలుగుకు మూడు కొలతలో ఉంటాయి. ఇప్పటి మిషన్లు పదహారుకు తొమ్మిది. గోడ నిండాలని సాగదీస్తే మనిషి మూడో వంతు లావవుతాడు. మా ఊరు యుద్ధభూమిగా ఉన్న కథ కదా అని ఇక్కడివారు 1947 నాటి 'పల్నాటి యుద్ధం' వేసుకుని చూస్తుంటారు. అందులో బాలచంద్రుడు అక్కినేని నాగేశ్వరరావు గారు, ఆనాటికి సన్నటి యువకుడు. సాగదీసిన తెర మీద ఆయన కూడా నడివయసు కరణంలా కనబడతాడు. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే రానివ్వండి, మనిషి మనిషిలా ఉండాలి. అలాగే 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోపు. దానికి పైనా కిందా పట్టీలు వస్తాయి. వాటిని పోగొట్టాలని జూమ్ నొక్కితే చివర నిలబడినవారు తెర దాటి పోతారు. ఇంకొక ఉపాయం, నలుపు తెలుపు సినిమా వేసి చూస్తే మిషను రంగు దోషం ఇట్టే తెలిసిపోతుంది. అందులో రంగే ఉండకూడదు కనుక, నీలమో పచ్చో కనబడితే అది మిషను కలిపినదే.

మిషను జాగ్రత్తలు కూడా కొన్ని చెప్పి ముగిస్తాము. మన పల్నాడు ఎండల సంగతి, ముఖ్యంగా రెంటచింతల సంగతి, వేసవిలో వార్తలు వినేవారందరికీ తెలుసు. చాలా ప్రొజెక్టర్లు 35 నుంచి 40 డిగ్రీల వేడి వరకే పనిచేయడానికి తయారైనవి. వేసవిలో పొద్దు గూకి గది చల్లబడ్డాకే పెట్టండి. గాలి రంధ్రాలకు గుడ్డ అడ్డం రానివ్వకండి. మిరపకాయలు ఆరబోసిన ఇంట్లో, సున్నపు దుమ్ము లేచే చోట మిషనును మూటగట్టి ఉంచండి. దుమ్ము లోపలికి చేరితే బొమ్మ మీద మచ్చలై కనబడుతుంది. లెన్సును కొంగుతో తుడవవద్దు, కళ్లద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ వాడండి. బల్బు రకం మిషను అయితే సినిమా అవగానే ప్లగ్గు పీకకండి, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉండండి. వెలుగు వచ్చే కంటిలోకి చిన్నపిల్లలు తొంగి చూడకుండా కాపలా కాయండి. అది చూపుకు హాని.

సరిచేసుకున్న అంకెలను ఒక కాగితం మీద రాసి మిషను పెట్టెలో పెట్టుకోండి. పిల్లలు ఆటల్లో మార్చేసినా మళ్లీ రెండు నిమిషాల్లో పెట్టుకోవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉన్నారా? చేలోంచి వచ్చి అరుగు మీద కూర్చునే భర్త ఉన్నాడా? పొయ్యి దగ్గర చెమట తుడుచుకునే భార్య ఉన్నదా? ఈ వారంలోనే ఫోనులో ఆ ఫిల్టరు తీసేసి, పగటి వెలుగులో వారిని ఒక్క నిమిషం మాట్లాడించి తీసి ఉంచండి. నల్లగా ఉంటే నల్లగా, ముడతలుంటే ముడతలతో, మచ్చలుంటే మచ్చలతో తీయండి. దేవుడు ఇచ్చిన ఆ రంగును దిద్దవలసిన పని మనకు లేదు. రేపు ఒక రోజు మీ పిల్లలు ఆ బొమ్మను గోడ మీద వేసుకున్నప్పుడు, ఎవరో తెల్లటి మనిషి కాకుండా, వారి అమ్మా నాన్నా కనబడాలి.